వేలానికొచ్చిన విత్తనపు ఆనపకాయ

మా విత్తనాల గదికి జనం ఇవ్వడానికి వస్తారు తప్ప అడగడానికి రారు. ఇచ్చేవాళ్ళైనా తమంతట తాము రారు. మేమే బస్సులెక్కి, బోట్లెక్కి, దొడ్లు తిరిగి, "పెద్దమ్మా, ఈ చిక్కుడు ఎక్కడిది, ఎవరు తెచ్చారు" అని బతిమాలి గుప్పెడు గింజలు తెచ్చుకుంటాం. వాటిని బాగా ఆరబెట్టి, వెండి రంగు సంచుల్లో గాలి చొరకుండా అతికించి, నంబరు వేసి చల్లగదిలో పెడతాం. అక్కడితో ఇచ్చినవాళ్ళు వాటిని మరిచిపోతారు. అందుకే ఆ వానరోజు ఒక ముసలామె గుమ్మంలో గొడుగు దులుపుతూ, "నా ఆనపగింజలు నాకిచ్చీ గుంటా, పట్టుకెళ్ళిపోతాను" అనేసరికి రాస్తున్న సంచి చీటీ పక్కన పెట్టి లేచాను.

నేను గుంటని, చిన్నపిల్లని అనిపించుకునే వయసు దాటి చాలా కాలమైంది. కానీ ఆమెకి నేను ఇప్పటికీ ఈ ఒడ్డున బతు బస్తీలో కిరాణా కొట్టువాళ్ళ గుంటనే. ఆమె ఉండేది బాంబూఫ్లాట్‌లో, రేవుకి అవతలి ఒడ్డున. కొన్నేళ్ళ కిందట అక్కడ దొడ్లన్నీ గాలిస్తున్నప్పుడు ఆమె పందిరి మీద ఒక ఆనపకాయ చూశాను. మీరు సొరకాయ అంటారేమో, మాకు ఆనపకాయే. సన్నటి మెడ, కింద చెంబులాంటి పొట్ట, ముదురాకుపచ్చ మీద తెల్లటి చారలు. లేతగా ఉంటే కూర. ముదిరితే పెంకు ఎంత గట్టిదంటే, వాళ్ళ అత్తగారి కాలంలో మగాళ్ళు వలలకి తేలుబుర్రలుగా కట్టేవారట. ఆ అత్తగారే శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి ఈ దీవులకి ఓడ ఎక్కినప్పుడు బట్టల మూటలో ఈ గింజలు తెచ్చుకుందట. మామ్మ అప్పుడు నాకు దోసెడు గింజలిచ్చింది. ఆమెని అందరిలాగే నేనూ మామ్మ అనే పిలుస్తాను.

"ఏమైంది మామ్మా? నీ దగ్గర లేవా?"

"నేవు. మోకాలు ఆపరేషనుకి విశాఖపట్నం ఎళ్ళినాను గదా. వచ్చేసరికి వంటింటి చూరు కారిపోయి, గింజల బుర్ర బూజు పట్టీసింది. తీస్తే పిండి. పక్కింట్లో అడిగితే పాకెట్టు గింజలు చూపించారు, బొమ్మున్నవి. ఒకప్పుడు మా వీధంతా నా కాయే. ఇప్పుడు వీధిలో నేదు, నా ఇంట్లో నేదు. నీ దగ్గరుండాల గదా."

ఇక్కడ నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. మా తాత పెట్టిన కొట్టు వెనక గదిలో పుట్టాను. ఎడమ పక్క మా పెదనాన్న కొట్టు, ఎదురుగా మా మేనమామ గుడ్డల కొట్టు. మాటలకంటే ముందు నాకు బేరం వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటారు. బేరంలో మా వాళ్ళు నేర్పినవి చాలానే ఉన్నా, వాటికి మూలం ఒక్కటే: కావాల్సిన సరుకు వైపు చూడకూడదు. దాని పక్కనున్నది చూడు. తప్పక చూడాల్సి వస్తే పెదవి విరువు. ఇంత చదువుకున్నాక నేను చేరింది ఎక్కడంటే, సరుకు ఎవరికీ అమ్మకుండా చూసుకోవడమే పనిగా పెట్టుకున్న చోట. సిప్పీఘాట్ దారిలో మా గది చూడటానికొచ్చిన మా మేనమామ చల్లగది తలుపు తీసి, వేసి, "కొనే సరుకు కాదు, అమ్మే సరుకు కాదు, దీనికో ఏసీ!" అని, మా అమ్మ వైపు తిరిగి, "నీ కూతురు గోడౌన్ కాపలాకి డిగ్రీ చదివిందే" అన్నాడు. నేను కాదనలేదు. సరుకు కదిలితే మా నాన్నకి సంతోషం, కదలకపోతే నాకు జీతం.

అయితే గింజ కదలకపోయినా లోపల వయసు పైబడుతూనే ఉంటుంది. చలి దాన్ని నెమ్మదింపజేస్తుంది కానీ ఆపలేదు. అందుకే అప్పుడప్పుడు ప్రతి సంచిలోంచి కొన్ని తీసి తడి కాగితంలో చుట్టి, ఎన్ని మొలుస్తున్నాయో చూస్తాం. మొలకలు తగ్గుతుంటే, ఉన్న గింజ చచ్చిపోకముందే నేలలో వేసి పండించి, కొత్త గింజ తీసి లోపల పెట్టాలి. మామ్మ గింజ ఆ మధ్యనే పరీక్షకొచ్చింది. తడి కాగితం విప్పితే చాలా గింజలు అలాగే పడుకుని ఉన్నాయి. అసలు ఈ రకం గింజలు నిలవకి ఓర్చుకోవేమో, లేక ఆమె ఇచ్చినప్పుడే వాటికి వయసు మీద పడిందో తెలియదు. మొత్తం మీద సంచిలో మిగిలినవాటి మీద నాకు పెద్ద ఆశ లేదు. ఇలాంటప్పుడు గింజలు బయటికి ఇవ్వకూడదని మా నియమం. ముందు పెంచాలి, తర్వాత పంచాలి.

ఈ మాటే ఆమెకి చెప్పాను. ఆమె బల్ల మీద చేతులానించి, "దాచుకోమని ఇస్తే ముసలిదాన్ని చేసి చూపిస్తన్నావేటి" అంది.

"మీ ఇంట్లో పిండైంది. మా దగ్గర కొన్నైనా బతికున్నాయి కదా."

"అది నా చూరు తప్పు. నీకు చూరు కారిందా?"

నాకు ఎదురు బేరగత్తె దొరికిందని అప్పుడే అర్థమైంది. పెంచడానికి మా పొలం పనికిరాదు. అక్కడ ఆనప రకాలు చాలా పాకి ఉన్నాయి, ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి అంటుతుంది. మామ్మ దొడ్డిలో అయితే పక్కింటివాళ్ళ హైబ్రిడ్ తీగ ఒక్కటే. పువ్వులకి సంచులు కట్టి దాన్ని ఆపొచ్చు. కాబట్టి నా ప్రతిపాదన: గింజలు నేనిస్తాను, దొడ్డి నీది, నీళ్ళు నీవి, సాయంత్రాలు వచ్చి పువ్వుల పని నేను చేస్తాను. అలా సంచి కట్టి కాయించిన కాయలోంచి గింజ తీసి సగం మా విత్తనాల బ్యాంకుకి, సగం నీకు.

"సగమా! మా అత్త మూటలో తెచ్చిన గింజకి నువ్వు సగం వాటాదారువా?"

"ఇన్నాళ్ళు కాపాడింది ఎవరు మరి?"

"ఫ్రిజ్జిలో పెట్టడం కాపాడ్డమైతే, మా కోడలు కొత్తిమీరని కూడా కాపాడతంది. వారానికి కుళ్ళిపోతాది."

చివరికి సగానికే ఒప్పుకుంది, కానీ ఆ మొదటి కాయ తర్వాత వచ్చేవన్నీ తనవేనని, మళ్ళీ వచ్చి అడగకూడదని షరతు పెట్టింది. సంచిలోంచి కొద్ది గింజలు లోపలే ఉంచి మిగతావి ఆమె అరచేతిలో పోశాను. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. ప్రార్థన చేసుకుంటోందనుకుని నేను పక్కకి తిరిగి గొడుగు అందించాను. ఆ ప్రార్థనలో ఏముందో అప్పుడే అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నా బేరం తెగింది. తెగిన బేరం మీద మా వాళ్ళు మళ్ళీ మాట్లాడరు, సరుకు కట్టేస్తారు.

కొన్నే మొలిచాయి. వాటిలో సగం రాత్రికి రాత్రి నత్తలు తినేశాయి. మా దీవుల్లో వానలకి పిడికెడేసి నత్తలు బయల్దేరి లేతగా కనిపించిన ప్రతిదాన్నీ నమిలేస్తాయి. మామ్మ పొద్దున్నే వాటిని ఏరి ఉప్పు డబ్బాలో వేస్తూ, "క్షమించు ప్రభువా" అని ఒకటీ, "చావు దొంగా" అని ఒకటీ అనేది. రెండు తీగలు బతికాయి. పందిరెక్కాయి. వానలు తగ్గుముఖం పట్టాక పూత మొదలైంది.

ఆనపపువ్వు పొద్దువాలేవేళ విచ్చుకుంటుంది. అది విచ్చుకోకముందే మగమొగ్గకీ ఆడమొగ్గకీ కాగితం సంచులు తొడిగి, విచ్చుకోగానే ఒక తీగ మగపువ్వు తెచ్చి రెండో తీగ ఆడపువ్వుకి రాసి, మళ్ళీ సంచి కట్టి, కాడకి ఎర్రదారం చుట్టాలి. ఆఫీసు వదలగానే బస్సెక్కి జెట్టీకి, అక్కడి నుంచి బోటులో అవతలకి, మళ్ళీ ఆఖరి బోటు పట్టుకోవాలని ఆయాసం. మొదటిసారి చూసి మామ్మ పగలబడి నవ్వింది.

"పువ్వుకి మాస్కు కట్టినావేటే? దానికీ కోవిడా?"

"పక్కింటివాళ్ళ పుప్పొడి అంటకుండా."

"పక్కింటోళ్ళు మంచోళ్ళే గుంటా."

సంచులు కట్టిన పువ్వుల్లో చాలావరకు పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. నా చెయ్యి మోటో, అకాలం వాన కారణమో. ఒక్కటి మాత్రం నిలబడింది. తీగ మీద అన్నిటికంటే ముందు పట్టిన పిందె అదే. దాని వెనక, నేను సంచి కట్టనివి, తేనెటీగలూ పురుగులూ తమ ఇష్టం వచ్చినట్టు కలిపినవి, బోలెడు కాశాయి. వాటిని మామ్మ ఎండురొయ్యలేసి వండి పెట్టేది. నీరు కారకుండా, ముక్క విడిపోకుండా ఉండే ఆ కూర తిన్నాక ఈ రకం కోసం ఇంత తంటా ఎందుకని నన్నెవరూ అడగనక్కర్లేదు. కానీ ఆ కాయల్లోని గింజలు ఎవరి బిడ్డలో చెప్పలేం. నమ్మి బ్యాంకులో పెట్టగలిగినది ఆ ఎర్రదారం కాయ ఒక్కటే. అది తీగ మీదే పూర్తిగా ముదిరి ఎండాలి. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే లోపల గింజ తాలుగా మిగిలిపోతుంది.

పూత పని అయిపోయాక రోజూ వెళ్ళే అవసరం లేకపోయింది. ఫోన్ చేసేదాన్ని. "ఉంది, ఉంది, నీ కాయని ఎవరెత్తుకుపోతారు" అనేది. ఒక ఆదివారం, కాయ చారలు వెలిశాయో లేదో చూద్దామని చెప్పకుండా వెళ్ళాను. ఇల్లు తాళం. గేటు తోసుకుని దొడ్లోకెళ్తే పందిరి మీద తెగిన కాడ మొండి మాత్రం ఉంది. కోసిన చోట ఇంకా పలచటి జిగురు కారుతోంది.

పక్కింటామె గోడ మీంచి చూసి, "చర్చిలో ఉన్నారు దీదీ. ఇవాళ కోత పండగ" అంది.

మా వైపు తెలుగు చర్చిల్లో ఇది ఉంటుంది. ఏటా ఒక ఆదివారం ఎవరి దొడ్లో పండినది, ఎవరింట్లో పెరిగిన కోడి, ఎవరు చేసిన కేకు, వాళ్ళు పట్టుకొచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు, వచ్చినది చర్చి పనులకి వాడతారు. ఆ ఏడు మొదట కాసినదైతే దాన్ని ప్రథమ ఫలం అంటారు. దానికి గౌరవం ఎక్కువ. నేను ఆ చర్చి మనిషిని కాను కానీ, చిన్నప్పుడు ఈ వేలాలు చూడటానికే బోటెక్కి వచ్చేదాన్ని. కొనేవాడే ధర పెంచుకుంటూ పోవడం మా కొట్టు మనుషులకి సర్కస్ కంటే వింత.

షామియానా కింద పొడుగాటి బల్ల. కొబ్బరికాయలు, బొప్పాయిలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన పుంజు, ఒక పళ్ళెంలో పెద్ద చేప. వాటి మధ్య కడిగి తుడిచి నిలబెట్టిన నా ఆనపకాయ. కాడకి నేను కట్టిన ఎర్రదారం అలాగే ఉంది, దాని మీద ఎవరో శాటిన్ రిబ్బను ముడి వేశారు.

మామ్మ ఆడవాళ్ళ చాప మీద ముందు వరసలో ఉంది. పక్కకెళ్ళి చతికిలబడి చెవిలో అన్నాను: "ఎందుకు కోసీశావు మామ్మా?"

నా కంగారు ఆమెకి అర్థం కాలేదు. "మొలిస్తే మొదటి కాయ ప్రభువుకే అన్నాను గదా. నీ గదిలోనే అన్నాను. నువ్వూ ఉన్నావు."

"నేను వినలేదు! ఇంకో కాయ ఇవ్వొచ్చు కదా. పందిరి నిండా ఉన్నాయి."

"ముందు పిందె దిగింది ఇదే. మిగిలినవి దీని వెనకవి."

"ఆయనకి ముందూ వెనకా ఏముంది? అన్నీ ఆయనవే అంటారు కదా. రెండోది పెద్దది ఇచ్చి..."

"గుంటా." ఆమె గొంతు పెంచలేదు. "బేరం నాతో ఆడు. ఆయనతో ఆడకు."

ఇద్దరం కాయ వైపు చూశాం. ఆమే మెల్లగా అంది: "కోసినప్పుడు తొడిమ పచ్చిగుంది, చూసినాను. ముక్కలు కొయ్యకుండా నీడ పట్టున ఉంచితే గింజ లోపల కడుపు నింపుకుంటాది. మా అత్త ఒకసారి గాలివానకి తెగిపోయిన కాయని అలాగే ఉంచింది. కోసీస్తే మాత్రం పోనాదే. ఎవరి చేతికెళ్తాదో." చేతివేళ్ళు చీర అంచుని మెలిపెడుతున్నాయి. "నాకూ ఇంకోటి నేదు గదా."

ఇచ్చేసినదాన్ని తిరిగి అడగదు. అడగడానికి ఆమెకి నోరు లేదు. అడగాల్సింది నేను. బల్ల మీదున్న అన్నిటిలో కూర కోసం ఎవరో ఒకరు కొని, ఇంటికెళ్ళి కత్తిపీట ముందేసుకునే కాయ అది. సాయంత్రానికి చెత్తబుట్టలో దాని గింజలు. సంచిలో మిగిల్చిన ఆ కొద్ది గింజలూ మొలవకపోతే, ఆ తర్వాత ఆ రకం ఈ దీవుల్లో ఉండదు.

వేలం వేసేది చర్చి పెద్ద ఒకాయన. మైకు చేతికిస్తే తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు. "ప్రథమ ఫలం! మామ్మగారి దొడ్డి ఆనపకాయ! బోలియే, బోలియే, కౌన్ లేగా?" నేను పుంజు వైపు చూస్తూ, పోనీలే అన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తాను.

అదే కొంప ముంచింది. వెనక నుంచి ఒక గొంతు, "ఆగండాగండి. ఆ పిల్ల చెయ్యెత్తిందా?"

జెట్టీ దగ్గర చాయ్ హోటల్ నడిపే ఆయన. ముప్పై ఏళ్ళుగా మా నాన్న కొట్లోంచే చక్కెరా టీపొడీ పట్టుకెళ్తాడు. నేను స్కూలు నుంచి రాగానే తక్కెడ దగ్గర కూర్చుని ఆయనతో తగువు పడిన రోజులకి లెక్క లేదు. బోటు దిగినప్పుడల్లా ఆయన దగ్గరే చాయ్ తాగుతాను, చక్కెర తక్కువైందని మళ్ళీ తగువు పడతాను.

"కొట్టోళ్ళ పిల్ల తనది కాని చర్చికొచ్చి, పుంజు వైపు చూస్తూ ఆనపకాయకి చెయ్యెత్తిందంటే, భాయ్, ఆ కాయలో ఏదో ఉంది" అని చెయ్యెత్తాడు. జనం నవ్వారు. నేను పెంచాను. ఆయన పెంచాడు. ఇంకెవరో సరదాకి పెంచారు. అప్పుడు చేతికందిన పాత ఆయుధం తీశాను. పెదవి విరిచి, అందరికీ వినబడేలా అన్నాను:

"ముదురు కాయ భయ్యా. కూరకి రాదు. చెక్కలా ఉంటుంది, దంతాలు ఊడతాయి. ఏదో పాపమని అడుగుతున్నాను."

మళ్ళీ నవ్వులు. పక్కన మామ్మ తల వంచుకుంది. కొంగు భుజం మీదికి సర్దుకుంది, అది జారకపోయినా.

మా బజారులో సరుకుని తిట్టడం అవమానం కాదు. అక్కర్లేనిదాన్ని ఎవడూ తిట్టడు. తిట్టాడంటే కావాలనే. ఈ సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు. మామ్మ అమ్మడానికి రాలేదు. తనకున్నవాటిలో మొదటిదాన్ని కడిగి తుడిచి తన దేవుడి ముందు పెట్టింది, దాన్ని నేను ఆమె వాళ్ళందరి మధ్యా చెక్క అన్నాను. ఎంతకి పాడినా ఆ మాట వెనక్కి కొనలేను.

లేచి నిలబడ్డాను. "అన్నా, ఒక మాట చెప్పొచ్చా?" అని వేలం పెద్దని అడిగాను. ఆయన మైకు ఇచ్చేశాడు.

చెప్పేశాను. బేరగాళ్ళు చచ్చినా చెప్పకూడనిది, ఇది నాకు ఎంత కావాలో, ఎందుకు కావాలో చెప్పాను. బట్టల మూటలో ఓడెక్కిన గింజ అని, ఒకప్పుడు ఈ వీధి పందిళ్ళన్నిటి మీదా ఇదే ఉండేదని, ఇప్పుడు కలగాపులగం కాని గింజ ఉన్నది ఈ ఒక్క కాయలోనేనని, ఎవరు కొన్నా కొయ్యొద్దని. "మామ్మ తెచ్చింది ఈ బల్ల మీద అన్నిటికంటే గొప్ప కాయ. నేను చెక్క అన్నది అబద్ధం" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. చాపల మీద కొందరు ముసలివాళ్ళు, "ఔను, మా ఇంట్లోనూ ఉండేది" అనుకున్నారు. మామ్మ తలెత్తింది. ఇంతలో వేలం పెద్ద మైకు లాక్కుని, "విన్నారా! ఇంత చరిత్ర ఉన్న కాయ! ఇక్కడికే ఆగిపోతే సిగ్గుచేటు! బోలియే!" అన్నాడు.

నిజం చెబితే ధర పెరుగుతుందని మా నాన్న ఊరికే అనలేదు. నా పర్సుకి అందని ఎత్తుకి పోయింది. చాయ్ హోటల్ ఆయన పాడుకున్నాడు. కాయని పసిపిల్లని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని వచ్చాడు.

షామియానా పక్కన పట్టుకున్నాను. "భయ్యా, నాకిచ్చెయ్."

"క్యోం? ముందే చెబితే నేను అడ్డొచ్చేవాణ్ణా? పుంజు వైపు చూస్తావేటి?"

"తప్పైంది. ఇచ్చెయ్."

"ఇవ్వను. ప్రభువు పేరున కొన్నాను. నీ చలి పెట్టెలోకి పంపడానికి కాదు."

"కోస్తావా?"

ఆయన నొచ్చుకున్నాడు. "కొయ్యొద్దని మైకులో చెప్పావు గదా. నాకు చెవుల్లేవా? హోటల్లో వేలాడదీస్తాను. ఎండినప్పుడు నువ్వు రా, మామ్మ వస్తాది, నా కళ్ళ ముందు తియ్యండి. నాకూ గింజ కావాల, అడిగినవాళ్ళకీ ఇవ్వాల. అంతే."

మామ్మ ఎప్పుడొచ్చిందో వెనకే ఉంది. "పొయ్యి మీద కట్టకు. సెగ తగలకూడదు. కొంచెం అవతల, గాలి ఆడే చోట" అంది ఆయనతో. నా వైపు తిరిగి, "చెక్కంటావా!" అని చెవి పట్టుకుని మెలిపెట్టింది. గట్టిగానే.

అలా ఆ కాయ జెట్టీ చాయ్ దుకాణంలో ఉట్టి కట్టుకుని వేలాడింది. దాన్ని చూసే వంకతో వారం వారం బోటెక్కేదాన్ని. చారలు వెలిశాయి, పచ్చదనం పోయి ఎండుగడ్డి రంగు వచ్చింది, గోరుతో నొక్కితే దిగడం మానేసింది. చాయ్‌కొచ్చినవాళ్ళు, బోటు సరంగులు, లారీవాళ్ళు, స్కూటర్ల కుర్రాళ్ళు, "యే క్యా హై భయ్యా, నజర్ కే లియే?" అని, దిష్టికి కట్టాడేమోనని అడిగేవారు. ఆయన గ్లాసులు కడుగుతూనే కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఓడ ఇంకొంచెం పాతదయ్యేది, తుఫాను ఇంకొంచెం పెద్దదయ్యేది. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత మానేశాను.

ఆ బెంచీ మీద కూర్చుని నా చల్లగది గురించి ఆలోచించేదాన్ని. అక్కడ ప్రతి సంచికీ ఊరు, దొడ్డి, నేల, ఇచ్చినవాళ్ళ సంగతి రాసి పెట్టి ఉంటాయి. ఒక్క ముక్క అబద్ధం ఉండదు. కానీ ఎవరూ వచ్చి అడగరు. ఇక్కడ సగం అబద్ధమే, అయితే రోజూ ఎవరో ఒకరు తలెత్తి చూస్తున్నారు. నా గదిలో గింజ మారకుండా ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. బయట గుర్తుంటుంది, మారిపోతుంది. రెంటిలో ఏది కాపాడటం అని నన్ను నేనే అడిగి, జవాబు చెప్పుకోలేక ఇంకో చాయ్ చెప్పేదాన్ని.

మామ్మ ఒకరోజు కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. లోపల గలగల. "రా గుంటా" అని నాకు కబురు పెట్టింది. హోటల్ ఆయన ఇనుప రంపం తెచ్చాడు. బల్ల మీద వార్తాపత్రిక పరిచి మెడ దగ్గర కోశాడు. ఎండిన గుజ్జుతో పాటు గింజలు జలజలా పడ్డాయి. ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నొక్కి చూశాను. కొన్ని తాలు, నొక్కితే అణిగిపోయాయి. కానీ చాలావాటికి లోపల గట్టిగా పప్పు తగిలింది. మామ్మ నా మొహమే చూస్తోంది. తలూపాను. ఆమె కూర్చున్న బెంచీని ఒకసారి అరచేత్తో చరిచింది, అంతే.

పంపకం దగ్గర నాకూ హోటల్ ఆయనకీ మళ్ళీ తగువు. అడిగినవాళ్ళందరికీ ఇస్తే, హైబ్రిడ్ తీగల పక్కనే పాకించి, రెండేళ్ళలో ఇది అది కాకుండా పోతుందని నేను. ఇవ్వకపోతే ఇంకెందుకు తీశామని ఆయన. మామ్మ తన సగంలోంచి ఆయనకి గుప్పెడు తీసి పెట్టింది.

"కలవనీ. మా అత్త తెచ్చినప్పుడు మాత్రం ఎవరితో కలవకుండా వచ్చిందేటి? పొట్టా మెడా చూసి మాది ఉంచుకుంటాను, కానిది కూరకి కోసీస్తాను."

"నీకు తెలుస్తుంది మామ్మా. తీసుకెళ్ళేవాళ్ళకి తెలుస్తుందా?"

ఆలోచించింది. "అందరికీ తెలీదు" అని ఒప్పుకుంది. "అందుకే గదా నీకు సగం ఇచ్చింది. మేం పాడుచేసుకున్న రోజున వచ్చి అడుగుతాం. అప్పుడు రూల్సు చెప్పకు."

అలాగేనన్నాను. నా జీవితంలో ఎదురు మాట లేకుండా ఒప్పుకున్న బేరం అదొక్కటే. మా మేనమామకి చెబితే జ్వరం ఉందేమోనని నుదురు తాకి చూస్తాడు.

బ్యాంకు వాటా తెచ్చి ఆరబెట్టి, అందులోంచి కొన్ని తడి కాగితంలో చుట్టాను. కాగితం విప్పిన రోజు పొద్దున్నే పక్క టేబుల్ ఆవిడని కూడా పిలిచాను, ఒక్కదాన్నే చూడటానికి ధైర్యం చాలక. పెంకులు చీల్చుకుని తెల్లటి వేళ్ళు బయటికొచ్చి, ఒకదాని మీద ఒకటి పడి కొక్కేల్లా వంగి ఉన్నాయి. మొలవనివి అక్కడక్కడా ఉన్నా వాటికోసం వెతకాల్సి వచ్చింది.

మామ్మకి ఫోన్ చేశాను.

"మొలిచాయి మామ్మా. చాలా."

అవతల నుంచి బోటు హారన్ వినబడింది.

"ఆ మొలిచినవి ఏటి చేస్తావు?"

"పరీక్ష అయిపోయాక పారేస్తాం. అది పద్ధతి."

"పారీకు. సాయంత్రం బోటుకి తే" అంది. "మా చర్చిలో ఇద్దరడుగుతన్నారు. పందిరికి గెడలు కొట్టమని అబ్బాయితో చెప్తాను."

పెట్టేసింది. మొలకల్ని తడి గుడ్డలోకి మార్చి టిఫిన్ డబ్బాలో సర్దాను. మిగిలిన గింజల్ని సంచిలో పోసి, మూతి అతికించి, పాత నంబరు కిందే కొత్త తేదీ వేసి, చల్లగదిలో పెట్టి తలుపేశాను.